మెడలో పాత స్కార్ఫు, గుమ్మానికి కొత్త బోర్డు

డాలస్‌ను ఆనుకుని ఉన్న ఇర్వింగ్‌ను తెలుగువాళ్లకు ప్రత్యేకంగా పరిచయం చేయనక్కర్లేదు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఏ అపార్ట్‌మెంట్‌లో వాకబు చేసినా, ఒక్క ఇంట్లోనైనా అబ్బాయో కోడలో ఆ చుట్టుపక్కలే ఉన్నారని చెబుతారు. 2014లో మనవాళ్లు పూనుకుని గాంధీ విగ్రహం పెట్టించిన పార్కు కూడా ఆ ఊళ్లోదే. అమెరికాలోకెల్లా పేరున్న ఒక పిల్లల సంస్థ 1979లో న్యూజెర్సీ నుంచి వచ్చి ఆ ఊళ్లోనే ప్రధాన కార్యాలయం పెట్టుకుంది. దాని పేరు బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా. 2024 మే 7న ఆ సంస్థ, ఇకపై తమను ‘స్కౌటింగ్ అమెరికా’ అని పిలవండని ప్రకటించింది. కొత్త పేరు అమల్లోకి వచ్చింది 2025 ఫిబ్రవరి 8న. సంస్థ పుట్టింది 1910లో సరిగ్గా అదే తేదీన. అంటే నూట పదిహేనో పుట్టినరోజున మళ్లీ బారసాల చేసుకుందన్నమాట.

ప్రకటన రాగానే అక్కడ టీవీల్లో పెద్ద రగడే జరిగింది. మగపిల్లలకంటూ మిగిలిన ఒక్క చోటును కూడా లేకుండా చేశారని సంప్రదాయవాదులు మండిపడ్డారు. ఇన్నాళ్లకు కళ్లు తెరిచారని ఇంకో వర్గం చప్పట్లు కొట్టింది. ఈ హడావుడిలో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. పేరు మారేనాటికి ఆ సంస్థలో ఆడపిల్లలు 1,76,000 మందికి పైగా ఉన్నారు. చిన్నపిల్లల విభాగమైన కబ్ స్కౌట్స్‌లోకి వాళ్లు 2018లోనే వచ్చారు. పదకొండేళ్లు దాటినవాళ్ల విభాగంలోకి 2019 ఫిబ్రవరిలో వచ్చారు. 2021లో దాదాపు వెయ్యిమంది ఆడపిల్లలు సంస్థలో అత్యున్నతమైన ‘ఈగిల్ స్కౌట్’ హోదా అందుకున్నారు. టీనేజీ పిల్లలకు రకరకాల వృత్తుల్ని దగ్గర్నుంచి చూపించే ‘ఎక్స్‌ప్లోరింగ్’ విభాగంలోనైతే 1971 నుంచే ఆడపిల్లలకు సభ్యత్వం ఉంది. ఇల్లంతా మనుషులతో నిండాక గుమ్మం మీద బోర్డు మార్చారు, అంతే. నన్నడిగితే ఈ మార్పులో నచ్చిన విషయం ఈ వరసే. ముందు పని మారింది, పేరు తరవాత వచ్చింది.

తలకిందులుగా చేస్తే ఏమవుతుందో ఈ సంస్థకు బాగా తెలుసు. ఎందుకంటే ఇది వాళ్ల మొదటి ప్రయోగం కాదు.

1970లలో అమెరికా పిల్లలు నగరాలకు, టీవీలకు అలవాటు పడుతున్నారని, గుడారాలు, కట్టెల పొయ్యిలు ఇక ఎవరికీ అక్కర్లేదని సంస్థ పెద్దలు తీర్మానించారు. 1972లో ‘ఇంప్రూవ్డ్ స్కౌటింగ్ ప్రోగ్రామ్’ అని కొత్త పాఠ్యక్రమం తెచ్చారు. దాని ప్రకారం ఒక్క రాత్రి కూడా గుడారంలో పడుకోకుండానే ‘ఫస్ట్ క్లాస్ స్కౌట్’ హోదాకు ఎక్కేయవచ్చు. ఈగిల్ కావడానికి క్యాంపింగ్ బ్యాడ్జి తప్పనిసరి కాదు. తలపై పాత టోపీ బదులు ఎర్ర బెరే టోపీ వచ్చింది. అప్పటికే ‘బాయ్‌పవర్ 76’ అని సభ్యుల్ని చేర్పించే ఉద్యమం ఒకటి నడుస్తోంది. పైనుంచి లక్ష్యాలు, కిందనుంచి ఒత్తిడి. ఫలితం ఎలా ఉంటుందో మన ప్రభుత్వ పథకాలు చూసినవాళ్లకు వేరే చెప్పాలా? షికాగోలో లేని పిల్లల పేర్లు జాబితాల్లోకి ఎక్కాయని 1974లో పత్రికలు బయటపెట్టాయి. ఆ తరవాత 1977లో ప్రచారం కోసం ‘స్కౌటింగ్/యూఎస్ఏ’ అని కొత్త పేరు పెట్టుకున్నారు. నాలుగేళ్లు కూడా నిలవలేదు. ఎవరి నోటికీ పట్టక, చడీచప్పుడు లేకుండా వెనక్కి తీసుకున్నారు.

అప్పుడు సంస్థను ఆదుకున్నది ఒక రిటైరైన ముసలాయన. విలియం హిల్‌కోర్ట్ అనే ఆ డేనిష్ మూలాల మనిషిని ‘గ్రీన్ బార్ బిల్’ అనేవారు. ఉద్యోగం వదిలి పదేళ్లు దాటాక తిరిగి వచ్చి, జీతం తీసుకోకుండా కూర్చుని, అడవిని, మంటను, ముడులను, దిక్సూచిని మళ్లీ పుస్తకంలోకి తెచ్చాడు. ఆ హ్యాండ్‌బుక్ 1979లో వచ్చింది. పెద్దలతో కలిపి ఒకప్పుడు అరవై లక్షలు దాటిన సభ్యత్వం ఆ దశాబ్దంలో జారడం మొదలై, మళ్లీ ఆ ఎత్తుకు ఎప్పుడూ చేరలేదు. పడిపోవడం మాత్రం కొంతకాలం ఆగింది.

ఇంతకీ ఆ పిల్లలకు అక్కడ నేర్పేదేమిటి? అమెరికాలో ఉన్న మనవాళ్లలో చాలామందికి ‘కాలేజీ అప్లికేషన్‌లో ఒక లైను’ అన్నంతవరకే తెలుసు. ఈగిల్ స్కౌట్ అని రాస్తే అడ్మిషన్ వాళ్లు కళ్లకద్దుకుంటారని ఒక నమ్మకం. సైన్యంలో చేరితే ఈగిల్ స్కౌట్‌కు మొదటి రోజు నుంచే పై గ్రేడు జీతం ఇస్తారన్నది మాత్రం నిజం. కానీ అసలు సరుకు ఆ లైనులో లేదు.

మెరిట్ బ్యాడ్జీలు మొత్తం 135కు పైనే ఉన్నాయి. ఈగిల్ కావాలంటే వాటిలో 21 సంపాదించాలి, అదీ పద్దెనిమిదో ఏడు నిండేలోపు. కొన్ని తప్పనిసరి, మిగతావి ఎవరి ఇష్టం వాళ్లది. తప్పనిసరి వాటిలో ‘పర్సనల్ మేనేజ్‌మెంట్’ ఒకటి. అందులో పిల్లవాడు పదమూడు వారాలపాటు తన చేతికొచ్చిన డబ్బూ ఖర్చూ రాసి లెక్క చూపించాలి. పదమూడు వారాలంటే మూడు నెలలు. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఏటా జనవరి ఒకటిన డైరీలో మొదలుపెట్టి సంక్రాంతికి వదిలేసే పని అది. ‘ఫ్యామిలీ లైఫ్’ బ్యాడ్జికి ఇంట్లో కనీసం అయిదు పనులు నెత్తిన వేసుకుని తొంభై రోజులు చేయాలి. గిన్నెలు కడగడం, బట్టలు మడతపెట్టడం, చెత్త బయట పెట్టడం, ఏవైనా సరే. మగపిల్లవాడు చేయాల్సిన పనులని, ఆడపిల్లవని వేరే జాబితాలు లేవు. నేనైతే ఈ ఒక్క బ్యాడ్జిని మన స్కూళ్లన్నిట్లో పెట్టమంటాను.

‘కుకింగ్’కు ఇంట్లోవాళ్లకు వండిపెట్టాలి, క్యాంపులో తోటివాళ్లకు వండాలి, మెనూ ముందే రాసుకుని పోషకాలు, ధర, సరుకుల మోతాదు లెక్కగట్టాలి. ఫలానా వంటకమే చేయాలన్న నియమం లేదు. మీ అబ్బాయి ఉప్మా చేస్తానంటే నిక్షేపంగా చేయొచ్చు, రవ్వ ఎంతమందికి ఎన్ని కప్పులో వాడే తేల్చుకోవాలి. ‘క్యాంపింగ్’కు ఇరవై రాత్రులు బయట పడుకోవాలి. ఊళ్లో పౌరుడిగా ఎలా మెలగాలో నేర్పే బ్యాడ్జి కోసం సిటీ కౌన్సిల్ సమావేశానికో స్కూలు బోర్డు సమావేశానికో వెళ్లి కూర్చోవాలి. అక్కడ జనం దేనికి కొట్టుకుంటున్నారో, ఎవరి వాదన ఏమిటో విని రావాలి. మన దగ్గర ఎనిమిదో తరగతి పిల్లవాడు గ్రామసభకో మున్సిపల్ సమావేశానికో వెళ్లి వెనకబెంచీలో కూర్చున్నాడని ఎప్పుడైనా విన్నామా?

బ్యాడ్జీల జాబితాను మొదటి నుంచీ చదువుకుంటూ పోతే అమెరికా చరిత్ర కనిపిస్తుంది. తేనెటీగల పెంపకం బ్యాడ్జిని 1995లో తీసేశారు. 1963లో ‘అటామిక్ ఎనర్జీ’ వచ్చి, తరవాత ‘న్యూక్లియర్ సైన్స్’గా మారింది. 2011లో రోబోటిక్స్, 2013లో ప్రోగ్రామింగ్, 2025లో కృత్రిమ మేధ, సైబర్ భద్రత చేరాయి. అయినా ప్రథమ చికిత్స మాత్రం తప్పనిసరి జాబితాలోంచి కదల్లేదు.

వీటన్నిటి పైన ఈగిల్ ప్రాజెక్టు ఉంటుంది. బడికో గుడికో ఊరికో పనికొచ్చే ఒక పని పిల్లవాడు ఎంచుకోవాలి. పార్కులో బెంచీలు వేయించడం కావచ్చు, నడకదారి బాగుచేయడం కావచ్చు, వృద్ధాశ్రమానికి పుస్తకాల అరలు చేసి ఇవ్వడం కావచ్చు. ప్రణాళిక కాగితం మీద పెట్టి ముందే అనుమతి తీసుకోవాలి, చందాలు కూడగట్టాలి, మనుషుల్ని పిలవాలి, పని పంచాలి. వాడు స్వయంగా ఎన్ని మేకులు కొట్టాడన్నది లెక్కలోకి రాదు, పదిమందితో ఎలా చేయించాడన్నదే చూస్తారు. ఇక్కడే మన నాన్నల చేతులు ఊరుకోవు. ‘నువ్వు హోంవర్క్ చూసుకో నాన్నా, హోమ్ డిపోకు నేను వెళ్తాలే’ అనేస్తారు. ఇది తెలుగు నాన్నల జబ్బే అనుకుంటే పొరపాటు. కబ్ స్కౌట్స్‌లో 1953 నుంచి ‘పైన్‌వుడ్ డెర్బీ’ అనే పోటీ జరుగుతోంది. చిన్న చెక్కముక్కను చెక్కి బొమ్మకారు చేసి, వాలు పట్టాల మీద పరుగెత్తించాలి. చేయాల్సింది పిల్లలు. అర్ధరాత్రిదాకా గ్యారేజీలో ఉప్పుకాగితం రుద్దుతూ కూర్చునేది తండ్రులు. ఇది అక్కడ తరతరాల జోకు.

ఈ యంత్రాంగమంతా తిప్పేది జీతగాళ్లు కారు. పేరు మార్పు నాటికి దాదాపు పది లక్షలమంది పిల్లలకు 4,77,000 మంది పెద్దలు స్వచ్ఛందంగా పనిచేస్తున్నారు. ట్రూపుకు, అంటే ఒక్కోచోటి స్కౌట్ దళానికి, చోటిచ్చి, బాధ్యత వహించే సంస్థ వేరే ఉంటుంది. అది చర్చి కావచ్చు, లయన్స్ క్లబ్బు కావచ్చు, బడి తల్లిదండ్రుల సంఘం కావచ్చు, హిందూ దేవాలయమూ కావచ్చు. హిందూ పిల్లల కోసం ‘ధర్మ’, ‘కర్మ’ అని రెండు ధార్మిక పతకాలు కూడా ఉన్నాయి. శుక్రవారం సాయంత్రం ఆఫీసు ల్యాప్‌టాప్ మూసేసి గుడారాలు కారులో సర్దుకునే స్కౌట్‌మాస్టర్ ఏ కంపెనీలోనో ఇంజినీరు, ఏ ఆస్పత్రిలోనో నర్సు.

ఆ పెద్దల మీద ఉంచిన నమ్మకమే ఈ సంస్థను దివాలా కోర్టు మెట్లెక్కించింది.

పిల్లలపై లైంగిక అకృత్యాలకు పాల్పడ్డారన్న అనుమానమున్న వలంటీర్ల పేర్లతో సంస్థ దశాబ్దాలపాటు రహస్యంగా ఫైళ్లు నిర్వహించింది. అలాంటివాళ్లు మరో ఊళ్లో మళ్లీ చేరకుండా చూడటానికే వాటిని పెట్టామన్నారు. కానీ చాలా సందర్భాల్లో పోలీసులకు చెప్పలేదు, తల్లిదండ్రులకు చెప్పలేదు. ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో 2010లో ఒక కేసు విచారించిన జ్యూరీ, సంస్థపై 1.85 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. ఆ కేసులో సాక్ష్యంగా వచ్చిన 1,247 ఫైళ్లను, అంటే సుమారు ఇరవై వేల పేజీలను, కోర్టు ఆదేశంతో 2012 అక్టోబరులో బహిరంగపరిచారు. తరవాత కొన్ని రాష్ట్రాలు పాత కేసులపై కాలపరిమితి నిబంధనలు సడలించాయి. యాభై అరవై ఏళ్లుగా గొంతులో దాచుకున్నవాళ్లు బయటికి రావడం మొదలైంది. 2020 ఫిబ్రవరి 18న సంస్థ దివాలా పిటిషన్ వేసింది. పరిహారం కోరుతూ వచ్చిన దరఖాస్తులు 82 వేలు దాటాయి.

ఎనభై రెండు వేలు. మన దగ్గర ఒక మోస్తరు పట్టణ జనాభా.

చివరికి 246 కోట్ల డాలర్ల పరిహార నిధికి ఒప్పందం కుదిరింది. 2023 ఏప్రిల్‌లో సంస్థ దివాలా నుంచి బయటపడింది. నిధి కోసం బీమా కంపెనీలు డబ్బిచ్చాయి, స్థానిక కౌన్సిళ్లు ఆస్తులు అమ్ముకున్నాయి. స్కౌట్ల జీవితాన్ని నార్మన్ రాక్‌వెల్ గీసిన చిత్రాలు సంస్థ దగ్గర చాలా ఉండేవి. క్యాలెండర్ల మీద అచ్చయి, అమెరికన్లకు స్కౌట్ అంటే ఇలా ఉంటాడని ఒక రూపం కట్టిపెట్టినవి ఆ బొమ్మలే. వాటిని కూడా అమ్మకానికి పెట్టారు. 2024 నవంబరులో డాలస్‌లో వేలం మొదలైంది. ఆదర్శ బాలుణ్ని చూపించిన బొమ్మలు, ఆ ఆదర్శం నీడన నలిగిపోయిన బాలుర పరిహారానికి వెళ్లాయి.

అందుకే పేరు మార్చిన వేళను కొందరు బాధితులు అనుమానంగానే చూశారు. మచ్చ తుడుచుకోవడానికి కొత్త బోర్డు తగిలించారన్నది వాళ్ల మాట. తోసిపుచ్చగలిగిన మాట కాదది. పేరు మార్పుకు సంస్థ చెప్పిన కారణం వేరు. దేశంలో ఏ పిల్లవాడికైనా, ఏ పిల్లకైనా ఇది మన చోటే అనిపించాలన్నది సీఈవో రోజర్ క్రోన్ వివరణ. రెండూ నిజం కావచ్చు. అయితే కొత్త పేరు పెట్టుకున్నంత మాత్రాన పాత బాకీ తీరదు. ఆ నిధి చెక్కులు ఇంకా పాత పాపాలకే వెళ్తున్నాయి.

సభ్యత్వం కూలిపోవడానికి దివాలా ఒక్కటే కారణం కాదు. 1913 నుంచి సంస్థకు పెద్ద దన్నుగా ఉన్న మార్మన్ చర్చి 2019 చివర తన పిల్లలందరినీ తీసుకుని వెళ్లిపోయింది, సుమారు నాలుగు లక్షలమందిని. ఆ వెంటనే కోవిడ్. అంతకుముందు స్వలింగ సంపర్కులపై పెట్టిన నిషేధం విషయంలో సంస్థ 2000లో సుప్రీంకోర్టుదాకా వెళ్లి 5–4 తేడాతో గెలిచి, 2013లో పిల్లల విషయంలో, 2015లో పెద్దల విషయంలో ఆ నిషేధాన్ని తానే ఎత్తేసింది. గెలిచిన కేసును ఇలా వదులుకోవడం అరుదు. ఇటు అభిమానులూ కోప్పడ్డారు, అటు విమర్శకులూ ఆలస్యమైందన్నారు.

ఆడపిల్లల్ని చేర్చుకోవడంపై నిజంగా నొచ్చుకున్నది 1912లో జూలియెట్ గోర్డన్ లో అనే ఆవిడ స్థాపించిన గర్ల్ స్కౌట్స్. ‘స్కౌట్’ అన్న మాట ఒంటరిగా వాడితే జనం తికమకపడుతున్నారని 2018లో దావా వేసింది. 2022లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ఆ వాదనను కొట్టేసింది. రెండు సంస్థలూ ఇప్పటికీ వేరువేరే. గర్ల్ స్కౌట్స్ బిస్కట్లు అమ్ముతారు, వీళ్లు పాప్‌కార్న్ అమ్ముతారు.

ఇదంతా చదివి, ఆడా మగా ఒకే స్కౌట్ గొడుగు కిందికి రావడమన్నది అమెరికా ఆవిష్కరణ అనుకోనక్కర్లేదు. బ్రిటన్‌లో 1967లోనే అసోసియేషన్ పేరులోంచి ‘బాయ్’ తీసేశారు. మన దేశానిది ఇంకా పాత కథ, ఇంకా చేదు కథ. 1909లో బెంగళూరులో స్కౌటింగ్ మొదలైనప్పుడు అది యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ పిల్లలకే. భారతీయ బాలురకు ప్రవేశం లేదు. ఆ తలుపు దగ్గర నిలబడి బతిమాలే బదులు అనీబిసెంట్, జార్జ్ అరండేల్ మద్రాసులో సొంతంగా ఇండియన్ బాయ్ స్కౌట్స్ అసోసియేషన్ పెట్టారు. అలహాబాదులో మదన్‌మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ సేవాసమితి స్కౌట్లను తయారుచేశారు. 1921లో స్కౌటింగ్ స్థాపకుడు బేడెన్ పావెల్ స్వయంగా వచ్చాక బిసెంట్ సంఘం అసలు సంస్థలో కలిసింది, సేవాసమితి కలవలేదు. 1938లో హిందుస్థాన్ స్కౌట్ అసోసియేషన్ వచ్చింది. ఒక్క దేశంలో ఇన్ని బోర్డులు. స్వాతంత్ర్యం వచ్చాక విద్యామంత్రి మౌలానా ఆజాద్ చొరవతో 1950 నవంబరు 7న అవి కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి. 1951 ఆగస్టు 15న గర్ల్ గైడ్స్ కూడా వచ్చి చేరారు. అంటే ఆడపిల్లల పేరు కూడా బోర్డు మీద రాసుకోవడంలో మనం అమెరికాకంటే డెబ్బై ఏళ్లకు పైగా ముందున్నాం. ఈ విషయంలో మనవాళ్లు ఏనాడూ డప్పు కొట్టుకోకపోవడం ఆశ్చర్యమే.

బహుశా మన దగ్గర స్కౌట్ అనేవాడు బడి ఆవరణకు, ఆగస్టు పదిహేను కవాతుకు పరిమితమై కనబడటం వల్ల కావచ్చు. బ్రహ్మోత్సవాల్లో, పుష్కరాల్లో క్యూలైన్ల దగ్గర మంచినీళ్లిచ్చే పిల్లల మెడలో ఆ స్కార్ఫును చూసి కూడా మనం దాటిపోతాం. ఇక్కడా మెట్లున్నాయి. ప్రవేశ్ నుంచి ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపాన్‌లు, ఆపైన రాజ్య పురస్కార్, చివర రాష్ట్రపతి అవార్డు. అక్కడ ఈగిల్ హోదాను కాలేజీ సీటు కోసం చూసుకుంటే, ఇక్కడ రాష్ట్రపతి అవార్డును రైల్వే ఉద్యోగం కోసం చూసుకుంటారు. స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా కింద సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణమధ్య రైల్వే కూడా నియామకాలు చేస్తుంది. ఆశలు రెండుచోట్లా ఒక తీరువే, తప్పూ లేదు. తేడా పనిచేసే పెద్దలది. అక్కడ తల్లిదండ్రులు వంతులవారీగా వచ్చి నిలబడతారు. ఇక్కడ భారమంతా ఒక్క స్కౌట్ మాస్టారిది. పాఠాలు, పరీక్ష డ్యూటీ, ఎన్నికల డ్యూటీ అయ్యాక మిగిలిన ఓపికతో ఆయన పిల్లలకు ముడులు వేయడం నేర్పాలి. ఆయన బదిలీ అయితే ఆ బళ్లో స్కౌటింగ్ కూడా బదిలీ అవుతుంది.

మళ్లీ అమెరికాకు వస్తే, ఇర్వింగ్ కార్యాలయం ఇప్పుడు పిల్లల తల్లిదండ్రులకు ముందుగా చెప్పేది బ్యాడ్జీల గురించి కాదు. ఏ కార్యక్రమంలోనైనా ఇరవై ఒక్క ఏళ్లు దాటిన నమోదిత పెద్దలు ఇద్దరు ఉండి తీరాలి. ఏ పెద్దా, ఏ పిల్లవాడితోనూ ఒంటరిగా ఉండకూడదు, ఫోన్ మెసేజీలు కూడా ఒంటరిగా పంపకూడదు, ఇంకో పెద్దను కూడా చేర్చాలి. అనుమానం వస్తే ముందు పోలీసులకో శిశు సంరక్షణ అధికారులకో చెప్పాలి, ఆ తరవాతే సంస్థకు. ప్రతి వలంటీరూ పూర్వచరిత్ర పరిశీలనకు ఒప్పుకుని, బాలల రక్షణ శిక్షణ పూర్తిచేయాలి. ఆ శిక్షణకు గడువు ఉంటుంది. గడువు తీరాక మళ్లీ పరీక్ష రాయకపోతే, ఎన్నేళ్ల అనుభవమున్న స్కౌట్‌మాస్టరైనా, సొంత కొడుకు ఉన్న ట్రూపులోనైనా, పేరు జాబితాలోంచి తీసేస్తారు.